‘లాక్’ అన్న ఒక్క మాట

నేను ఒక వివరణను. ఇప్పుడు నాలుగు వాక్యాల పొడవున్నాను గానీ, పుట్టినప్పుడు ఒక్క వాక్యాన్నే. కర్రతోనో ఇనుముతోనో చేసినదాన్ని కాను కాబట్టి నన్ను చేత్తో పట్టుకున్నవాళ్లు లేరు. అయినా ఒక మధ్యాహ్నం నాలోని ఒక్క మాట వల్ల ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చింది.

విశాఖపట్నంలో, ఒక మేడ మూడో అంతస్తులోని చిన్న కంపెనీలో పుట్టాను. మన్యంలోని ఆసుపత్రులకు వెళ్లే మందుల వివరాలను వాళ్లు బ్లాక్‌చెయిన్‌లో రాసేవారు. అదొక దస్తరం. ఒకసారి రాశాక రాసినవాడు కూడా చెరపలేడు. మధ్యలో ఎవరూ కల్తీ మందు దూర్చకుండా ఆ ఏర్పాటు. అందులో రాసే పనిని ఒక కృత్రిమ మేధ ఏజెంటుకు అప్పగించారు. ఫార్మసిస్టు మామూలు తెలుగులో ఏది కావాలో అడిగితే, ఏజెంటు తన దగ్గరున్న పనిముట్లలో, అంటే ఒక్కో పని చేసే చిన్న ప్రోగ్రాముల్లో, తగినదాన్ని ఎంచుకుంటుంది. ఏ పనిముట్టు ఏం చేస్తుందో దానికి చెప్పేది మాలాంటి వివరణలే. పనిముట్టు లోపల ఏముందో అది చూడదు. మమ్మల్ని చదువుతుంది, నమ్ముతుంది, అంతే.

నన్ను రాసినవాడు తేజోవర్ధన్. ఇరవై మూడు పనిముట్లకు వివరణలు రాయాలి, ఆకలి దంచేస్తోంది. “బ్యాచ్‌ను లాక్ చేస్తుంది” అని టైపు చేసి క్యారేజీ విప్పాడు.

పక్క సీటులోని బెందాళం స్వర్ణలత తొంగిచూసి, “లాక్ అంటే?” అని అడిగింది.

“లాక్ అంటే లాకే కదక్కా!”

ఆమెకూ చేతినిండా పని ఉంది. తన తెర వైపు తిరిగింది. మనుషులది అదొక చిత్రం. తమకు తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటారు. తేజోవర్ధన్ మనసులో లాక్ అంటే పాడైన మందును ఇక ఎవరూ వాడకుండా శాశ్వతంగా మూసేయడం. ఆ సంగతి అతని మనసులోనే ఉండిపోయింది. నాలోకి రాలేదు.

ఆషాఢంలో ఒక రోజు, పాడేరు అవతల కొండమీది చిన్న ఆసుపత్రికి కబురు వచ్చింది. కిల్లో జెమ్మె అనే ఆమెను అల్లం చేలో పాము కరిచింది, డోలీలో మోసుకొస్తున్నారు. ఆసుపత్రిలో పాముకాటు మందు ఒక్క బ్యాచే ఉంది, అదీ కంపెనీ ఇచ్చిన చల్లని పెట్టెలో. ఆ మందును తమకు పంపమని ఇంకో ఆసుపత్రివాళ్లు అప్పటికే అడుగుతున్నారు. ఫార్మసిస్టు పాంగి సూరిబాబు కంగారుగా ఏజెంటుకు రాశాడు: “ఈ మందు ఎవరికీ పంపకండి. మా పేషెంటు వస్తోంది. లాక్ చేసి ఉంచండి.”

ఏజెంటు నన్ను చదివింది. రోగి కోసం మందును ఆపి ఉంచే పనిముట్టు నా పక్కనే ఉంది. దాని వివరణ “కేటాయింపును నిర్వహిస్తుంది” అని నాకంటే మసకగా ఉంది. సూరిబాబు రాసిన మాట నాలో ఉంది. ఏజెంటు నన్నే ఎంచుకుంది.

దస్తరంలో ఒక వరుస పడింది: ఈ బ్యాచ్ పనికిరాదు, శాశ్వతం. దస్తరం ఒప్పుకుంటేనే తెరుచుకునే ఆ చల్లని పెట్టెకు ఎర్రలైటు వెలిగింది.

కంపెనీలో ఫోను మోగింది. స్వర్ణలత ఎత్తింది.

“ఏటి సేసినారు మేడమ్! ఆపి ఉంచమంటే పెట్టె మూసీసినారు. తెరుసుకోట్లేదు. డోలీ వచ్చీసింది. ఆమెకి కనురెప్పలు వాలిపోతన్నాయి.”

స్వర్ణలత తెర మీద ఆ వరుసను చూసింది. “చెరపలేనండి, సూరిబాబు గారూ. ఎవరూ చెరపకుండానే కట్టాం. దాన్ని సరిచేస్తూ కొత్త వరుస రాయించాలంటే ఇద్దరు అధికారుల సంతకాలు కావాలి. ఒకాయన ఘాట్ రోడ్డులో ఉన్నారు, సిగ్నల్ లేదు.”

“అయన్నీ నాకొద్దు. మందు మంచిదా, పాడైందా? అది సెప్పండి.”

ఆ పెట్టె తన లోపలి చలిని పది నిమిషాలకోసారి నమోదు చేసి పంపే లెక్కలను ఆమె తెర మీద తెరిచింది. మందు వచ్చిన నాటి నుంచి పదకొండు రోజులవి. ఫోనుకు అవతల ఎవరో ఏడుస్తున్నారు. డాక్టరు ఏదో అరుస్తున్నాడు. తేజోవర్ధన్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె ఒక్క అంకె కూడా వదలకుండా కిందిదాకా చదివింది.

“మంచిదే. పెట్టె పగలగొట్టండి.”

“మీ మాట మీదేనా?”

“నా మాట మీదే. నా పేరు రాసుకోండి.”

ఫోనులో గునపం దెబ్బలు వినిపించాయి. నాలుగో దెబ్బకు రేకు చీలింది. తర్వాత గాజు సీసాల గలగల. ఆపైన ఫోను కట్టయింది.

రెండున్నర గంటలు గడిచాయి. తేజోవర్ధన్ క్యారేజీ మూత కూడా తీయలేదు. మళ్లీ ఫోను మోగింది, సూరిబాబే. “కళ్లు తెరిసింది మేడమ్. నీళ్లడిగింది.”

స్వర్ణలత తల బల్ల మీద ఆనించి ఏడ్చింది. మర్నాడు, పెట్టె పగలగొట్టడంపై అధికారులు పెట్టిన విచారణకు వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తిరిగి వచ్చి నన్ను తెరిచింది. రాసే ముందు సూరిబాబుకు ఫోను చేసి, “మందు ఆపి ఉంచమనడానికి మీరు ఏమేం మాటలు వాడతారు?” అని అడిగింది.

“ఆపి ఉంచు అంటాం, దాసి ఉంచు అంటాం, లాక్ సెయ్యి అంటాం. మాకన్నీ ఒకటేనండి.”

అప్పుడు నేను ఇలా అయ్యాను: “పాడైన లేదా గడువు తీరిన బ్యాచ్‌ను శాశ్వతంగా మూసేస్తుంది. మూశాక వెనక్కి తీసుకోవడం కుదరదు, పెట్టె తెరుచుకోదు. రోగి కోసం మందును ఆపి ఉంచడానికి దీన్ని వాడవద్దు, కేటాయింపును వాడాలి. మందు నిజంగా పాడైందా అని ఫార్మసిస్టును అడిగి, జవాబు వచ్చాకే ముందుకు వెళ్లాలి.”

తేజోవర్ధన్ నన్ను రెండుసార్లు చదివాడు. మిగతా ఇరవై రెండింటినీ ఒక్కొక్కటిగా తెరిచి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు.

భాద్రపదంలో గాలివానకు కొండమీద రెండు రోజులు కరెంటు పోయింది. పగిలినదాని బదులు వచ్చిన కొత్త పెట్టె గురించి సూరిబాబు మళ్లీ రాశాడు: “ఈ పెట్టె లాక్ చెయ్యండి.” ఏజెంటు నన్ను చదివి, ఆగింది. “మందు పాడైందా, లేక ఎవరి కోసమైనా ఆపి ఉంచాలా?” అని అడిగింది.

“పాడైపోనాది. కొత్తది పంపండి” అని వచ్చింది జవాబు.

నా పని నేను చేశాను. దస్తరంలో ఇంకో వరుస పడింది. చెరగని ఆ పేజీల్లో ఇప్పుడు అచ్చం ఒకేలాంటి వరుసలు రెండున్నాయి. ఈ కొత్తది నిజం. పాతది పనికిరాదన్న మందుతో లేచి కూర్చున్న కిల్లో జెమ్మె, మళ్లీ అల్లం చేలో కలుపు తీస్తోందట.