నీలి కొంగ గడువు

నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్ ఊరి సంతలో నేను ‘నీలి కొంగ’ పేరుతో ఆవముద్ద అమ్ముతాను. ఆవాలు ఎవరైనా నూరగలరు, జనం కొనేది పేరును. అందుకే దాన్ని పదేళ్ళ గడువుతో ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించాను. ఆ ఏడాదే, సర్కారు ముద్రలాంటి ముద్ర వేసుకుని వచ్చిన దొంగ బిల్లొకటి కట్టి మోసపోయాను. అప్పటినుంచి ఏ కవరు వచ్చినా అనుమానమే.

ఈ వసంతంలో మూడు వచ్చాయి. మూడింటిదీ ఒకటే పాట: మీ గడువు ముగిసింది, పునరుద్ధరించుకోండి.

నా భార్య హిస్కె తమ్ముడు గోసె, మూడేళ్ళ కిందట నాతో వాటా తెంచుకుని పక్క బల్ల మీద సొంత ఆవముద్ద పెట్టినవాడు, ఆదివారం కాఫీకి వచ్చి వాటిని చూశాడు.

“ఇంకా దాస్తున్నావేంటి బావా? అన్నీ దొంగవే. పొయ్యిలో పడెయ్. నీకింకా రెండు నెలల టైముంది.”

“నీకెలా తెలుసురా?”

“సర్టిఫికెట్ వచ్చినరోజు కవరు చింపింది నేనేగా!” అంటూ, ఎవరూ పెట్టకుండానే రెండో బిస్కెట్టు తీసుకున్నాడు.

వాడు వెళ్ళాక హిస్కెతో అన్నాను: “మీ తమ్ముడు సీసా మూత కూడా ఊరికే ఇవ్వడు. ఇంత సలహా ఊరికే ఎందుకిచ్చినట్టు?”

“మావాళ్ళు మంచి చెప్పినా నీకు తప్పే!”

సర్టిఫికెట్ తీశాను. దాని మీద రెండు తేదీలున్నాయి: దరఖాస్తు చేసినది, నాలుగు నెలల తర్వాత నమోదైనది. ఇన్నాళ్ళూ నేను రెండోదాన్నే లెక్కపెట్టుకున్నాను. కవర్లలోని నంబర్లు వదిలేసి, సర్టిఫికెట్ మీది నంబరుతో ఆఫీసు రిజిస్టరు నేనే తెరిచి చూశాను. పదేళ్ళు దరఖాస్తు తేదీ నుంచే. రెండు నెలల కిందటే ముగిశాయి. అయితే జరిమానాతో పునరుద్ధరణ రుసుము కట్టుకోవడానికి ఆరు నెలల వెసులుబాటు ఉంది. ఆ పూటే కట్టేశాను. ఇంకో పదేళ్ళు వచ్చాయి.

శుక్రవారం సంతలో గోసె అడిగాడు: “ఆ కాగితాలేం చేశావ్ బావా?”

“పొయ్యిలో వేశా. మిగతాది వేసవి సెలవులయ్యాక చూసుకుంటా.”

“అదీ మాట!” అని నా వీపు తట్టాడు.

కట్టిన సంగతి హిస్కెకూ చెప్పలేదు. రోజూ కొత్త దరఖాస్తుల జాబితా చూస్తూ కూర్చున్నాను. వెసులుబాటు ముగిసిన మర్నాడే వచ్చింది: ‘నీలి కొంగ’, ఆవముద్ద, దరఖాస్తుదారు గోసె. వాడు రిజిస్టరు ఒక్కసారి తెరిచి ఉంటే తెలిసేది. నా మాట నమ్మాడు.

వాడి దరఖాస్తు మీద ఆఫీసుకి అభ్యంతరం రాసి, కాగితాలన్నీ హిస్కె ముందు పెట్టాను. చివరిదాకా చదివింది. నా రసీదు మీది తేదీ దగ్గర ఆగింది.

“ఏప్రిల్‌లోనే కట్టేశావా?”

“కట్టేశా. ఇప్పుడు తెలిసిందా, మీ తమ్ముడెలాంటివాడో?”

“తెలిసింది. కట్టేశానని ఆ శుక్రవారమే వాడితో అనుంటే, ఈ దరఖాస్తు పెట్టేవాడా?”

ఆమె అభ్యంతరం కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి, అంటించకుండా నా ముందుకు తోసింది.