కూతను దాటే విమానం

అనంతగిరిలో తెల్లారితే రోకళ్ల చప్పుడుతో పాటు పాత కేకలూ వినిపిస్తాయి. కొండకొమ్ము మీద నిలబడి ఎవరేం అరిచినా, అది లోయలన్నీ తిరిగి ఏళ్లకు గానీ ఇల్లు చేరదు. ఎప్పటిదో "అంబలి సల్లారిపోతంది!" ఇప్పుడు వినిపిస్తే, ఆడవాళ్లు నవ్వుకుని పని చూసుకుంటారు. దూరం పోయినవాళ్లు పోతూ పోతూ వేసిన కూత వచ్చే రోజును పెద్దలు గాలివాలు చూసి చెబుతారు. అది చప్పుళ్లలో కలిసిపోకుండా ఆ రోజు ఎవరూ రోకలి ఎత్తరు, గొడ్డలి పట్టరు.

పంతొమ్మిది వందల ఇరవై ఏడులో, అక్కడి కాఫీ తోట బంగళాలో సర్వేశ్వరరావు వేగం రికార్డు కోసం విమానం తయారు చేస్తున్నాడు. ఇంగ్లండులో విమానాల కంపెనీ ఇంజనీరు. దొరల్ని ఎలా ఒప్పించాడో గానీ, ఇంజినుని ఎడ్లబండి మీద ఘాటు రోడ్డు ఎక్కించాడు. గాలికి అడ్డమని రెక్కల్ని బిగించే తీగలు పీకేశాడు. ఇంజిను నీళ్లు చల్లార్చే రేకుల్ని రెక్కల మీదే పరిచేశాడు.

రికార్డొక సాకు. ఇంగ్లండుకు బయల్దేరిన రోజున భార్య మహాలక్ష్మి కొండకొమ్ము మీంచి ఏదో అరిచింది. బండి చక్రాల మోతలో వినపడలేదు. ఆయన తిరిగొచ్చేలోగా ఆమె మన్యం జ్వరంతో పోయింది. 'వెళ్లొద్దు' అనే అందేమోనని ఆయన కుమిలిపోని పూట లేదు. ఆ కూతను గాలిలో దాటిపోయి, ఎదురు నిలబడి వినాలని ఆయన ఆరాటం.

ఒక పొద్దున వంటమనిషి పైడితల్లి వచ్చి నిలబడింది.

"బాబూ, రేపు ఇంజిను ఆపీయాల. అస్సాం తోటలకి పోయిన మా ఆయన కూత వచ్చీ రోజు."

"ఎలా ఆపను పైడితల్లీ? రేపే ఆఖరి పరీక్ష. చూడ్డానికి కంపెనీ దొర వస్తున్నాడు."

"ఏటి బాబూ, రోజూ ఆ మోతెట్టుకుని అమ్మగారి కూత ఎలాగ వింతావు? అది ఎప్పుడో వచ్చీసి, గుమ్మంకాడే తిరగతందేమో!"



మర్నాడు దొర చూస్తుండగానే ఇంజిను ఆపేశాడు. ముందు పైడితల్లి మొగుడి గొంతు వచ్చింది. "మేకపిల్లని అమ్మీయకే!" ఆమె గడప మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది.

తర్వాత, గుమ్మం పక్కనే ఉన్నంత దగ్గరగా ఇంకో గొంతు.

"ఏమండోయ్! శాలువా మరిచిపోయారు! నా దగ్గరే ఉంచుతాను, బేగి వచ్చెయ్యండి!"

సర్వేశ్వరరావు పరుగున కొండకొమ్ము ఎక్కి, గొంతు చిట్లేలా అరిచాడు.

"వచ్చేశానే!"

"ఇంక నిమ్మళంగా కూకో బాబూ," అంది వెనకాలే వచ్చిన పైడితల్లి.

విమానం ఆయన లేకుండానే ఇంగ్లండు ఓడెక్కింది. లోకంలో అన్నిటికన్నా వేగంగా ఎగిరిందట. ఇంగ్లండు వచ్చి ఇంకొకటి చెయ్యమని దొర మళ్లీ ఘాటెక్కి వచ్చి బతిమాలాడు.

"రాలేను దొరా," అన్నాడు సర్వేశ్వరరావు. "మా ఆవిడ దగ్గర్నుంచి జవాబు రావాలి."