నూట పద్దెనిమిది మెట్లు

పదిహేడో నంబరు ఇంటి నీళ్ల మీటరు గోడకీ కాలువకీ మధ్య ఉంది. మీటరు రీడరు మోకాలి కింద గోనెపట్టా మడిచి పెట్టుకుని వంగాడు. బొటనవేలితో అద్దం మీది బురద తుడిచి, అంకెలు పైకి చదువుకుంటూ చేతిలోని యంత్రంలో నొక్కాడు. లేవడానికి గోడ పట్టుకున్నాడు. వయసు యాభై ఆరు. ఈ కొండవాడలో పంతొమ్మిదేళ్లుగా రోజుకు తొంభై మీటర్లు చదువుతున్నాడు. వాడలో అందరూ మీటరాయన అంటారు.

జేబులో ఫోను మోగింది. నిలబడే చదివాడు.

"మ్యాప్‌లో మీ మార్పు వెనక్కి తీశాను. పైనుంచి తీసిన ఫొటోలో అక్కడ రోడ్డు కనిపిస్తోంది. రెండేళ్ల కిందట దాన్ని రోడ్డుగా గీసింది మీరే. ఇప్పుడు మెట్లంటున్నారు. ఆధారం ఏమిటి?"

ఇది మూడోసారి.

ఆ మ్యాప్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. కంప్యూటరున్నవాళ్లు ఎవరైనా అందులో తమ వీధి గీయవచ్చు. తప్పనిపిస్తే ఇంకొకరు చెరపవచ్చు. ఈ సరిచూసే మనిషి ఏ ఊళ్లో ఉంటాడో మీటరాయనకు తెలియదు. అడిగినదాంట్లో తప్పు లేదు. ఒళ్లు మండేది అందుకే.

ఆ గీత అతను గీసిన మొదటి గీత. కొడుకు పాత కంప్యూటరు ఇచ్చి వెళ్లిన వారంలో, ఫొటో మీద రెండు వరసల ఇళ్ల కప్పుల మధ్య బూడిదరంగు పట్టీ కనిపిస్తే, దాని వెంట మౌసు నడిపించాడు. "రోడ్డు" అని నొక్కాడు. రోజూ ఎక్కే మెట్లే అవి. పైనుంచి చూస్తే మెట్లకు ఎత్తుండదని అప్పుడు తట్టలేదు.

తట్టించింది మెట్ల పైన ఉండే ముసలాయన. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. మీటరాయన ఓసారి తన గీతల గురించి గొప్పగా చెప్పబోతే, ముసలాయన లోపలికి వెళ్లి ఒక బేసినూ ఒక రాయీ తెచ్చాడు. "నీళ్లవాడివి, నీళ్లతోనే చెప్తా," అన్నాడు. రాయిని బేసిన్లో పెట్టి, రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, రాయి చుట్టూ నీళ్లు తగిలినచోట సుద్దతో గీశాడు. ఇంకో రెండు వేళ్లు పోసి మళ్లీ గీశాడు. నాలుగుసార్లయ్యాక నీళ్లు పారబోసి, "ఇప్పుడు నిలబడి పైనుంచి చూడు," అన్నాడు. రాయికి ఒక పక్క గీతలు ఎడంగా ఉన్నాయి. ఇంకో పక్క ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

"గీతలు ఇరుగ్గా ఉన్నచోట ఏముంటుంది?"

"నిటారు."

"నిటారులో నీ రోడ్డు వెళ్తుందా?"

తరువాత సర్వే పటం పరిచాడు. గీతకూ గీతకూ అయిదు మీటర్ల ఎత్తు. మీటరాయన రోడ్డని గీసినచోట, గోరంత పొడవులో నాలుగు గీతలున్నాయి.

అప్పటికే ఆలస్యమైంది. ఆ ఉచిత మ్యాప్‌ను అద్దె బళ్ల కంపెనీలు తీసుకున్నాయి. అంబులెన్సులవాళ్లూ తీసుకున్నారు. పోయిన నెల ముసలాయనకు గుండెనొప్పి వస్తే బండి మెట్ల కిందికి వచ్చి హారను కొడుతూ నిలబడింది. వెనకవైపు రోడ్డు ఇంటికి ఇరవై అడుగుల దాకా వస్తుంది, కానీ అటు రావాలంటే మూడు కిలోమీటర్లు తిరగాలి. ముసలాయన కూతురు ఫోనులో ఆ సంగతి చెప్పింది. డ్రైవర్లు మ్యాప్ చూసుకుని వస్తారమ్మా అన్నారు అంబులెన్సు ఆఫీసువాళ్లు. ఆ రోజు ఎలాగో దింపారు. ఈసారి నొప్పి వస్తే గంటలోపల తీసుకురావాలని డాక్టరు చెప్పి పంపాడు.

మీటరాయన మిగతా మీటర్లు వదిలి మెట్ల దగ్గరికి నడిచాడు. పదేసి మెట్లకు ఒక ఫొటో తీస్తూ, లెక్కపెడుతూ ఎక్కాడు. నూట పద్దెనిమిది. మధ్యలో ఒక మలుపు. పైన ముసలాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, నీ గీత మెట్లెక్కిందా?"

"ఎక్కిస్తున్నా బాబాయ్. మూడుసార్లు కిందికి తోశాడు."

"ఆయన నీకంటే నయం. ఆయన కొండ చూడలేదు. నువ్వు రోజూ ఎక్కుతూ రోడ్డన్నావు."

కూతురు లోపలినుంచి, "పాపం ఊరుకో నాన్నా, అన్నయ్య ఆ మాట విని విని చిక్కిపోతున్నాడు," అంది.

"చిక్కితే మంచిదే. మోకాళ్లకు బరువు తగ్గుతుంది."

మీటరాయన నవ్వలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని పన్నెండు ఫొటోలు పంపాడు. కింద రాశాడు: "ఆధారం ఇది. తప్పు నాదే. దయచేసి ఈసారి ఉంచండి."

మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటూ మూడుసార్లు ఫోను చూశాడు.

"ఊరందరి నీళ్లూ చదువుతావు, ఊరందరి రోడ్లూ గీస్తావు," అంది భార్య. "మనింటి కుళాయి పది రోజులనుంచి కారుతోంది. అది ఏ మ్యాప్‌లో పెడితే కనిపిస్తుంది నీకు?"

"ఆదివారం చూస్తాలే."

"ఏ ఆదివారమో కూడా గీసి చూపించు."

మూడూ నలభైకి జవాబు వచ్చింది. "స్పష్టంగా ఉంది. మెట్లుగా ఉంచుతున్నాను. ధన్యవాదాలు." మీటరాయన కిందివీధిలో ఉన్నాడు. తెరిచి చూశాడు. గీత మెట్లుగానే ఉంది. ముసలాయనకు చెబుదామని ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పొద్దున వదిలేసిన మీటర్లకు వెళ్లాడు.

మూడో మీటరు దగ్గర ఉండగా హారను వినిపించింది.

అంబులెన్సు మెట్ల మొదట్లో ఆగి ఉంది. డ్రైవరు తలుపు తెరిచి ఫోను చూపించాడు. "ఇందులో రోడ్డుందండీ."

ఉంది. రెండేళ్ల కిందట గీసిన గీత, వంకరతో సహా.

"అది పాతది. ఇందాకే మార్చాం," అన్నాడు మీటరాయన. "అటు తిప్పు, వెనక రోడ్డుంది."

"మాకు కొత్త కాపీ నెలకోసారి ఎక్కిస్తారండీ, ఆఫీసులో. తిరిగొస్తే ఎంతసేపు?"

"పావుగంట."

పైనుంచి కూతురు కేక వేస్తోంది. మాటలు తెలియడం లేదు. బండిలో వచ్చిన సహాయకుడు అప్పటికే స్ట్రెచరు దింపాడు. ముగ్గురూ ఎక్కారు. మలుపులో స్ట్రెచరు తిరగలేదు. అక్కడే గోడకు ఆనించి పైకి వెళ్లారు. ఇంట్లోంచి చేతుల కుర్చీ ఒకటి తెచ్చి, ముసలాయనను కూర్చోబెట్టి, దుప్పటితో నడుము దగ్గర కుర్చీ చేతులకు కట్టారు. డ్రైవరూ సహాయకుడూ కుర్చీ ముందు కాళ్లు పట్టుకున్నారు. మీటరాయన వెనకనుంచి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

ముసలాయన తల తిప్పకుండా, "ఒప్పుకున్నాడా?" అని అడిగాడు.

"ఒప్పుకున్నాడు బాబాయ్."

"ఊఁ."

 తన భుజానికి ఆనిన మీటరాయన చేతిని ఆయన పట్టుకుని ఉన్నాడు. మీటరాయన లెక్కపెట్టాలనుకోలేదు, అయినా లెక్క సాగుతోంది. డెబ్భై నాలుగో మెట్టు దగ్గర ముసలాయన చేయి జారి ఒళ్లో పడింది. సహాయకుడు చూశాడు. డ్రైవరు చూశాడు. ఎవరూ ఆపలేదు. మిగిలిన నలభై నాలుగూ దిగారు.

ముసలాయనను బండిలోకి ఎత్తారు, కూతురూ ఎక్కింది. తలుపు మూశారు. వచ్చేటప్పుడు దారంతా హారను కొట్టిన బండి, వెళ్లేటప్పుడు చప్పుడు చేయలేదు.

కుర్చీ కింది మెట్టు పక్కన ఉండిపోయింది, దాని ఒక చేతికి దుప్పటి ముడి ఇంకా విప్పకుండానే, మెట్లవైపు తిరిగి.