పన్నెండో టోపీ

ఈతకొలను దగ్గర పిల్లలు ఆమెను విజిలక్క అంటారు. తొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే. మెడలో విజిల్ వేసుకుని ఎత్తు కుర్చీలో కూర్చుని, నీళ్ళలో ఉన్నవాళ్ళను కనిపెట్టి ఉండడం. ఈత నేర్పేది మాస్టారు. ఎవరూ మునగకుండా చూసేది ఆమె.

శనివారం పొద్దున కొత్తగా చేరిన పిల్లల క్లాసు. పన్నెండు మంది, పన్నెండు పసుపు టోపీలు. విజిలక్క వాటిని లెక్కపెడుతుంది. అయిపోగానే మళ్ళీ మొదలుపెడుతుంది. క్లాసు ముగిసేదాకా అంతే.

డ్యూటీలో ఫోను లాకర్లో ఉండాలన్నది నియమం. ఆ రోజు మాత్రం నిక్కరు జేబులో ఉంది. కర్టెన్లు కొనడానికి వెళ్ళిన చెల్లెలు పొద్దుటి నుంచి ప్రాణం తోడేస్తోంది.

జేబులో ఫోను వణికింది. తీసి చూసింది. "అక్కా, మూడు ఫొటోలు పెట్టాను. ఏదో ఒకటి చెప్పి చావవే. షాపతను నన్ను చూసి ఆవలిస్తున్నాడు."

మూడూ చూసింది. రెండోది నచ్చింది. ఎందుకైనా మంచిదని మొదటిది ఇంకోసారి చూసింది. "రెండోది" అని కొట్టి, ఫోను జేబులో వేసుకుని తలెత్తింది.

పదకొండు.

తప్పు లెక్కపెట్టాననుకుంది. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే.

మూడుసార్లు విజిల్ ఊదింది. అందరూ బయటికి రావాలని దానర్థం. ఊదుతూనే కుర్చీ దిగి నీళ్ళలోకి దూకింది. లోతు వైపు అడుగుదాకా వెళ్ళింది. పలకలు, నీళ్ళు పోయే జాలీ, ఎవరిదో జుట్టు క్లిప్పు. ఇంకేమీ లేవు.

పైకొచ్చి, "ఎవరు మాస్టారూ? ఎవరు లేరు?" అని అరిచింది.

మాస్టారు గట్టు మీద నిలబెట్టిన పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. "వసపిట్ట" అన్నారు.

ఆరేళ్ళ పిల్ల. నోరు మూతపడదని మాస్టారే పెట్టిన పేరు. ఆ గొంతు ఇప్పుడు ఎక్కడా వినబడడం లేదు.

విజిలక్క మళ్ళీ మునిగింది. గోడ వెంబడి వెళ్ళింది. మెట్ల కింద చెయ్యి పెట్టి తడిమింది. పిల్ల కనబడకుండా పోయి ఎంతసేపయిందో లెక్క వేయబోయి, మానేసింది. ఊపిరి అందక పైకొచ్చేసరికి మాస్టారు చేతులూపుతున్నారు.

"ఆగమ్మా, ఆగు! అదుగో! అక్కడుంది!"

గట్టుకు ఆవల తల్లిదండ్రులు కూర్చునే బల్లలున్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. నీలం చొక్కా ఆయన ఒక్కడే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని ఫోను చూస్తున్నాడు. ఆయన పక్కన పసుపు టోపీతో వసపిట్ట. కాళ్ళ కింద నీళ్ళు మడుగు కట్టాయి.

విజిలక్క గట్టెక్కి అక్కడిదాకా నడిచింది. పిల్ల భుజం పట్టుకుని చూసింది. ఒళ్ళు చల్లగా ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. అంతే.

"విజిలక్కా, నేను ముక్కు పట్టుకోకుండా మునిగాను తెలుసా! నాన్న చూళ్ళేదు. అందుకే చెబుదామని వచ్చా."

"చెప్పావా మరి?"

"రెండుసార్లు చెప్పా. ఊఁ అన్నాడు."

తండ్రి ఇయర్‌ఫోన్లు తీశాడు. "ఏమైందండీ? క్లాసు అయిపోయిందా?"

"క్లాసు కాదు బాబూ, మా పని అయిపోయింది" అన్నారు మాస్టారు. "మూడు విజిళ్ళేశాం. ఊరంతా వినబడేలా అరిచాం. పిల్ల పక్కన నిలబడి అలా కారుతుంటే తమరికి చెమ్మయినా తగల్లేదా?"

"ఆఫీసు మీటింగు..." అన్నాడాయన. అని, ఆపేశాడు. తడిసిన తన బూటు వైపు చూశాడు. పిల్లను దగ్గరికి లాక్కుని పట్టుకున్నాడు. వదల్లేదు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. విజిలక్క ఊరుకుంటే ఆ తప్పు ఆయన మీదే ఉండిపోయేది. ఆమె జేబులోంచి ఫోను తీసింది. దాన్నుంచి నీళ్ళు కారాయి.

"ఆయన్నొక్కణ్ణే అనకండి మాస్టారూ. పిల్ల మెట్లెక్కి వెళ్తుంటే నేనూ చూళ్ళేదు."

"ఎంతసేపు?"

"మూడు కర్టెన్లు చూసినంత సేపు."

మాస్టారికి అర్థం కాలేదు. విజిలక్క జరిగింది చెప్పింది. వింటున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చేతుల్లోని ఫోన్లు సంచుల్లో వేసుకున్నారు.

"సోమవారం మన ఆఫీసులో నువ్వే చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది" అన్నారు మాస్టారు. "ఇవాళ్టికి క్లాసు చాలు. ముందు కూర్చో తల్లీ."

ఆమె బల్ల మీద కూర్చుని జుట్టులోని నీళ్ళు పిండుకుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సోమవారం తేలుతుంది. ఆ మాట తలుచుకున్నా బెంగ రాలేదు.

వసపిట్ట తువ్వాలు చుట్టుకుని వచ్చి పక్కన చేరింది.

"బట్టల్తో ఎందుకు దూకావు?"

"నిన్ను వెతకడానికే."

"నేను పైనే ఉన్నాగా!"

"అవును, పైనే ఉన్నావు" అంది విజిలక్క. ఆ మాట అనడం బాగుంది. ఇంకోసారి అంది.