ఉప్పు మీద ముద్ర

నేను ఒక ఉప్పు జాడీని. ఊరగాయ జాడీలకున్న మర్యాద నాకు లేదు. వాటి మూతికి తెల్లగుడ్డ కడతారు, అటక మీద కూర్చోబెడతారు, తడిచెయ్యి తగిలితే ఇల్లంతా గోల చేస్తారు. నేను పొయ్యి పక్కన పడి ఉంటాను. తడిచెయ్యి, పొడిచెయ్యి, కోపంతో ఉన్న చెయ్యి, ఏడ్చి కళ్లు తుడుచుకున్న చెయ్యి, అన్నీ నాలోకే దిగుతాయి. అందుకని మనుషుల సంగతి నాకు తెలిసినంతగా అటక మీద వాటికి తెలియదు. నేను చెప్పేది సూటిగా చెబుతాను. సొంపుగా చెప్పడం నాకు రాదు, నేర్చుకునే ఓపికా లేదు.

నా పుట్టుకే ఉప్పుతో ముడిపడింది. మట్టి తొక్కి, సారె మీద తిప్పి, ఎండబెట్టి, నన్ను బట్టీలో పెట్టారు. నిప్పు తెల్లగా మండుతున్న సమయంలో ఒక ముసలాయన పై కంతలోంచి గుప్పెళ్లకు గుప్పెళ్లు ఉప్పు విసిరాడు. ఆ ఆవిరి నా ఒంటికి అంటుకుని గాజుపొర అయింది. నా మెరుపంతా ఆ ఉప్పుదే. బట్టీ చల్లారాక ఆ ముసలాయన నన్ను వేలితో కొట్టి మోత విన్నాడు, బాగుందన్నాడు. తన అన్నం మూటలో మాత్రం చిటికెడు ఉప్పు లేదని పక్కవాణ్ణి అడుక్కున్నాడు. లోకం తీరు నాకు మొదటి రోజే అర్థమైంది.

నన్ను మొదట కొన్నది సోమయాజులు గారు. సముద్రపు ఒడ్డున ఉప్పు కొటారులో గుమస్తా. ఆ ఇంట్లో వంట అంటే మడి. దేవుడికి చూపించందే ఎవరూ నాలిక మీద వేసుకోకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడటమంటే ఎంగిలి చేయడమే. వంట చేసేది ఆయన అక్కగారు వర్ధనమ్మ. ముప్పై ఏళ్లు చేతి అంచనాతోనే ఉప్పు వేసిన మనిషి. ఆమె అంచనా తప్పిన రోజు లేదు.

ఒకరోజు ఆ ఇంటికి పై అధికారులు నలుగురు భోజనానికి వచ్చారు. వర్ధనమ్మ పప్పుచారులో ఉప్పు వేసి పెరట్లోకి వెళ్లింది. కొత్త కోడలు భ్రమర లోపలికి వచ్చి, పెద్దావిడ మరిచిపోయిందేమోనని తనూ ఒక పిడికిలి వేసింది. రుచి చూసే వీలు ఇద్దరికీ లేదు. వచ్చినవాళ్లు మర్యాదస్తులు. ఉప్పు గురించి నోరెత్తకుండా చెంబులకు చెంబులు నీళ్లు తాగి వెళ్లారు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే సోమయాజులు గారు గరిటె విసిరారు. అది నా మూతి అంచుకు తగిలి ఒక పెచ్చు ఊడింది. ఇద్దరు ఆడవాళ్లలో ఎవరినీ ఏం జరిగిందని అడగలేదు. ఇద్దరూ మంచికే వేశారని చెప్పగలిగింది నేనొక్కదాన్నే. నాకు మూతి ఉంది గాని మాట లేదు.

పెచ్చు ఊడిన పాత్ర ఇంట్లో ఉండరాదట. నన్ను పెరటి గోడ పక్కన పడేశారు. గంపలో ఉప్పు తెచ్చిన నాంచారమ్మ నన్ను చూసి, తీసుకుపోవచ్చా అని అడిగింది. కొటారులో సముద్రపు నీళ్లు ఎండబెట్టే మడుల్లో ఉప్పు తీసే మనిషి, అప్పటికి పాతికేళ్లు ఉంటాయి. తీసుకోమని వర్ధనమ్మ నన్ను కాలితో జరిపింది. ఉప్పును చేతి నుంచి చేతికి అందించరాదని అందరూ అంటారు. నాంచారమ్మకైతే ఆ ఇంట్లో ఏదీ చేతికి అందించేవాళ్లు కాదు. ఆమె తెచ్చిన ఉప్పు మాత్రం వాళ్ల దేవుడి ప్రసాదంలో పడేది.

నాంచారమ్మ గుడిసెలో నాకు కొత్త జీవితం వచ్చింది. ఆమె పిడికిలి పెద్దది. గంజిలో ఉప్పు, పులుసులో ఉప్పు, పచ్చిమిరపకాయ కొరికేముందు దానికీ అద్దిన ఉప్పు. మిగతా ఊళ్లవాళ్లు వస్తే ఇంత ఉప్పేంటని నీళ్లు తాగేవాళ్లు. వాళ్లు ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం మడిలో నిలబడితే తెలిసేది. కింద ఉప్పునీళ్లు, పైన ఎండ, చేతిలో ఉప్పు లాగే చెక్క. ఒంట్లో నీళ్లన్నీ చెమటై కారిపోతాయి. తాగే గంజిలో ఉప్పు లేకపోతే సాయంత్రానికి పిక్కలు పట్టేసి పడిపోతారు. ఎవరెంత ఉప్పు తినాలో ఎవరి చెమట వాళ్లకు చెబుతుంది. ఇది నేను చదివింది కాదు, చూసింది.

ఆమె కొడుకు బాలకోటయ్య ఆ పిడికిలితోనే పెరిగాడు. పద్నాలుగేళ్లు కొటారులో బస్తాలు మోశాడు. తర్వాత నడుం పట్టేస్తే మోత మానేసి రొయ్యల కంపెనీలో వాచ్‌మన్‌గా చేరాడు. నీలం చొక్కా, గేటు దగ్గర కుర్చీ, నెత్తి మీద ఫ్యాను. నాంచారమ్మకు అది పండగ. నా కొడుకు నీడపట్టున కూర్చున్నాడని వాడంతా చెప్పుకుంది. కొడుకు కుర్చీ ఎక్కాడు గాని, అతని నాలిక మడిలోనే ఉండిపోయింది. తల్లి పిడికిలీ తగ్గలేదు.

మూడేళ్లకు కోటయ్య పాదాలు ఉబ్బడం మొదలైంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి, ఇలాగే ఉంటే రక్తం కడిగే మిషను మీద పడుకోబెట్టాలి అంది. ఉప్పు నీకు విషమయ్యా అని కూడా అంది. కోటయ్య భార్య శేషమ్మ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి యథాతథంగా అత్తకు చెప్పింది. శేషమ్మది మెట్ట ఊరు, మిరప తోటల మనిషి, కొటారు సంగతులు తెలియవు. ఆమెకు తెలిసింది ఒక్కటే, మొగుడు బతకాలి.

నాంచారమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"నేను తీసింది విషమా? నలభై ఏళ్లు ఊరూరికీ విషం గంపకెత్తానా?" అంది. 

ఇక శేషమ్మ కొలత చెంచా తెచ్చింది. రోజుకింతే అని గీత గీసింది. కూర చప్పగా దిగేది. కోటయ్య రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాడు. చప్పిడి కూడు బాలింత పథ్యమో, జ్వరం తిండో, చచ్చినవాళ్లకు పెట్టే పిండమో అని ఆ ఇంటి నమ్మకం. తన కొడుకు చావకుండానే చచ్చినవాడిలా తింటున్నాడని నాంచారమ్మ బాధ. శేషమ్మ కుళాయికి వెళ్లగానే ఆమె చెయ్యి నాలోకి దిగేది. పిడికెడు కాదు, పాపం, మూడు వేళ్ల చిటికె. భయపడుతూ తీసిన చిటికె.

శేషమ్మ సంగతీ చెప్పాలి, దాచడం నాకు రాదు. కూర దించేముందు చుక్క నాలిక మీద వేసుకుని, మరీ గడ్డిలా ఉంది, ఎట్లా తింటాడని తనూ ఒక చిటికె వేసేది. అది లెక్కలోకి రాదని ఆమె అభిప్రాయం. ఇక కోటయ్య సరేసరి. డ్యూటీకి వెళ్లేముందు మంచినీళ్ల నెపంతో లోపలికి వచ్చి, తన టిఫిను గిన్నెలో తన చిటికె తను వేసుకునేవాడు. మడి ఇంట్లో ఇద్దరి చేతులు ఒక గిన్నెలో కలిశాయి. ఇక్కడ ముగ్గురివి. అక్కడ ఆచారం చేసిన పని ఇక్కడ ప్రేమ చేసింది. డాక్టరమ్మ మాత్రం మాత్రలు పెంచుతూనే ఉంది. ఈసారి తగ్గకపోతే పెద్దాసుపత్రికి రాస్తానంది.

నెలకు సరిపోవలసిన ఉప్పు పన్నెండు రోజులకే అడుగంటేసరికి శేషమ్మకు అనుమానం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే వంట ముగించి, నాలో ఉప్పును అరచేత్తో చదును చేసింది. చేతి గాజు తీసి ఉప్పు మీద గట్టిగా అద్దింది. గుండ్రటి గుర్తు పడింది. మూత పెట్టి కుళాయికి వెళ్లింది.

ఆమెకు తెలియదు. కొటారులో సాయంత్రం పని అయ్యాక మేస్త్రీ ఉప్పు కుప్పల మీద చెక్కముద్ర వేసేవాడు. తెల్లారి ముద్ర చెదిరి ఉంటే పనివాళ్లలో దొంగలున్నారని లెక్క. ఆడవాళ్లను వరసగా నిలబెట్టి గంపలు బోర్లించేవాళ్లు, కొంగులు దులిపించేవాళ్లు. కుక్క తొక్కినా, వాన చినుకు పడినా అదే తంతు. నాంచారమ్మ పెళ్లయిన కొత్తలో అలా మూడుసార్లు నిలబడింది. ఒక్కసారి కూడా ఆమె దగ్గర ఉప్పురాయి దొరకలేదు. దొరకలేదని ఎవరూ క్షమాపణ అడగలేదు.

ఆ పొద్దున నాంచారమ్మ అలవాటుగా నా మూత తీసింది. చెయ్యి లోపలికి దిగి, ఆగిపోయింది.  చాలాసేపు ఆ గుర్తును చూసింది. చిటికె తీయకుండా మూత పెట్టి, వెళ్లి గడపలో కూర్చుంది.

కాసేపటికి కోటయ్య వచ్చాడు. వాడు ముద్రా చూడలేదు, గిద్రా చూడలేదు. హడావుడిగా వేళ్లు ముంచి తన వంతు తీసుకుని, టిఫిను మూత బిగించాడు.

శేషమ్మ బిందె దించి నేరుగా నా దగ్గరకే వచ్చింది. గుర్తు చెదిరిపోయి ఉంది.

"అత్తా, ఇయ్యాల కూడా ఏశావా?" అంది. అరవలేదు. అలసిపోయిన మనిషి గొంతు.

నాంచారమ్మ లేచింది. కొంగు నడుం నుంచి తీసి బారుగా పరిచింది. దులిపింది. తిరగేసి మళ్లీ దులిపింది.

"చూసుకో తల్లీ. కొటారులో ముద్రేసి కొంగు దులపమన్నారు, దులిపా. నా పొయ్యి కాడ కూడా దులపాల్సొచ్చింది. ఇంకేడన్నా ఎతకాలంటే ఎతుక్కో."

శేషమ్మకు సగమే అర్థమైంది. కోటయ్య సైకిలు స్టాండు తీసి ఉన్నాడు. ఒక్క తోపుకు వీధిలో ఉండేవాడు. మగవాళ్లు ఇలాంటి సమయాల్లో సాధారణంగా వీధిలోనే ఉంటారు. అతను వెళ్లలేదు. సైకిలు గోడకు ఆనించి, టిఫిను తెచ్చి అమ్మ ముందు పెట్టి మూత తీశాడు. కూర మీద రాళ్ల ఉప్పు ఇంకా కరగలేదు.

"నేనేనమా. రోజూ నేనే."

"రోజూ నువ్వే ఎట్టా అవుతావురా, నిన్నటిదాకా నేనూ ఏశా," అంది నాంచారమ్మ. దొంగతనమైనా తన వంతు వదులుకునే మనిషి కాదు.

అప్పుడు శేషమ్మ కింద కూలబడి, దించేముందు తను వేసే చిటికె సంగతి చెప్పింది. ముగ్గురూ ఆ టిఫిను గిన్నె చుట్టూ అలా కూర్చుండిపోయారు. శేషమ్మ అత్త కొంగు పట్టుకుని, ముద్ర సంగతి తెలియదత్తా, తెలిస్తే నా చెయ్యి ఇరగ్గొట్టుకునేదాన్ని అంది. నాంచారమ్మ కొంగు లాక్కోలేదు.  ఆమెకు కొంగు సంగతి కన్నా పెద్ద ముల్లు లోపల ఉంది. తన జన్మంతా చేసిన పనిని విషమన్నారు.

ఆ ముల్లు తీసింది ఎవరూ కాదు, ఒక చొక్కా.

ఆదివారం పెరట్లో నాంచారమ్మ కొడుకు బట్టలు ఉతకబోతోంది. పొయ్యి పక్క కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. వారం రోజులు తొడిగిన నీలం చొక్కాను ఎండకు ఎత్తిపట్టి, వీపు భాగాన్ని చూసింది. వేలితో రుద్దింది. వాసన చూసింది. మళ్లీ రుద్దింది. కోటయ్యను పిలిచింది.

"ఒరే, మూటలు మోసేటప్పుడు నీ చొక్కా ఈపు మీద తెల్లగా గీతలు కట్టేయి గదరా. మూడు నీళ్లల్లో పిండినా పోయేవి కాదు."

"చెమట గీతలు గదమా. ఉప్పు."

"ఇప్పుడు ఒక్కటీ లేదేందిరా?"

"కుర్చీలో కూర్చునేవాడికి చెమటెట్టా పడుద్దీ?"

నాంచారమ్మ ఆ చొక్కాను నీళ్లలో వేయకుండా భుజాన వేసుకుంది. ఒంట్లోకి వెళ్లిన ఉప్పు బయటికి వచ్చే దారి మూసుకుపోయిందని ఆమెకు ఏ డాక్టరమ్మా చెప్పలేదు. నలభై ఏళ్లు మడిలో నీళ్లు ఎక్కి, నీళ్లు దిగి, ఉప్పు నిలవడం చూసిన మనిషి. నీళ్లు పోయే గండి పూడిస్తే మడి ఎట్లా ఉబ్బుతుందో ఆమెకు తెలుసు. కొడుకు ఉబ్బిన పాదాల వైపు చూసింది. "ఇషం కాదు. తావు తప్పింది," అని తనలో తను అనుకుంది. ఆ మాట అనుకున్నాక చొక్కాను నీళ్లలో ముంచింది.

అదే పూట ఆమె లోపలికి వచ్చి నన్ను రెండు చేతులతో ఎత్తింది. పారబోస్తుందని శేషమ్మ భయపడింది. నేనూ భయపడ్డాను. నన్ను తీసుకెళ్లి వీధి అరుగు మీద పెట్టి, పక్కనే కుండెడు గంజి కూడా తెచ్చి పెట్టింది. కొటారు నుంచి మధ్యాహ్నం తిరిగొచ్చే ఆడవాళ్లు ఆ దారినే పోతారు. ఎండకు నాలిక పిడచగట్టి, వీపుల మీద తెల్లగీతలతో వస్తారు.

పొయ్యి దగ్గర కొత్త బడి మొదలైంది. చింతపండు కాస్త ముందుకు వెయ్యి, వెల్లుల్లి చిదిమి వెయ్యి, మిరపకాయ కాల్చి నలుపు, నిమ్మకాయ దించాక పిండు, నాలిక్కి పని చెబితే అది ఉప్పును అడగటం మరిచిపోద్ది అని అత్త చెబుతుంటే కోడలు చేస్తోంది. ముగ్గురూ చెంచా కొలతతో వండిన ఒకే గిన్నెలోది తింటున్నారు. మొదటి పది రోజులు ముగ్గురి మొహాలూ చూడబుద్ధి కాలేదు. పదకొండో రోజు కోటయ్య మారు అన్నం అడిగాడు. నెల తిరిగాక డాక్టరమ్మ మాత్ర పెంచలేదు. తగ్గించనూ లేదు. పెద్దాసుపత్రి మాట ఎత్తలేదు, అంతే. ఆ ఇంటికి అది చాలు.

నేనిప్పుడు అరుగు మీదే ఉంటున్నాను. మూతి పెచ్చు అలాగే ఉంది. ఎండకు నా మెరుపు కాస్త తగ్గింది. మధ్యాహ్నం రెండు గంటలకు అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఎవరికెంత కావాలో వాళ్లే తీసుకుని గంజిలో వేసుకుంటారు. ఒకతె పిడికెడు, ఒకతె చిటికెడు. ఎవరూ చెంచా తేరు, ఎవరూ లెక్క అడగరు.

రోజూ పొద్దున్నే నాంచారమ్మ వచ్చి నన్ను నింపుతుంది. నింపాక అరచేత్తో పైపైన చదును చేస్తుంది. అలా చదునైన ఉప్పు చూస్తే ఎవరికైనా గుర్తు అద్దాలనిపిస్తుంది. ఆమె కాసేపు చూస్తుంది. తర్వాత తన అయిదు వేళ్లతోనే దాన్ని కదిపి, కుప్పగా వదిలేసి, మూత తీసే ఉంచి వెళ్లిపోతుంది.