గొడవ చెయ్యని పిల్ల

మా ఆయన వడ్రంగి. చెక్కను వేలితో తట్టి మంచిదో కాదో చెప్పేస్తాడు. పిల్లల్నీ అలాగే ఎంచాడు.

మాకు కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది పుట్టిన రోజు నుంచీ ఏడుపే. పాలు పట్టినా ఏడుపు, పట్టకపోయినా ఏడుపు, తండ్రి గడ్డం తగిలితే మరీను. పది నిమిషాల తర్వాత పుట్టిన చిన్నది మాత్రం ఎక్కడ పడుకోబెడితే అక్కడే. చూస్తే నవ్వుతుంది, చూడకపోతే తన వేళ్ళతో తనే ఆడుకుంటుంది. మూడు నెలలు తిరక్కుండానే ఆయన తేల్చేశాడు, చిన్నది తనది, పెద్దది నాది.

చిన్నదాన్ని రోజూ షాపుకి తీసుకెళ్ళేవాడు. స్నానం తనే చేయించేవాడు, ముద్దలూ తనే పెట్టేవాడు. రంపం మిషను పక్కన దుప్పటి పరిచి పడుకోబెడితే అది గంటలకొద్దీ నిద్రపోయేది.

"మిషను నెత్తిమీద మోగుతున్నా కన్ను తెరవదు. వడ్రంగి కూతురంటే ఇదీ" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. తలుపులు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళూ మెచ్చుకునేవారు. ఇంట్లో మేమూ మురిసిపోయాం. మా మురిపెం మండిపోను.

నేను పెద్దదాన్ని ఒళ్ళో వేసుకునే స్కూలు యూనిఫాంలు కుట్టేదాన్ని.

"ఒక్క పూట దీన్నీ ఎత్తుకోండి. మీ కూతురే కదా."

"నేను ముట్టుకుంటే ఇంకా ఏడుస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

"మీరు ముట్టుకోరు కాబట్టే ఏడుస్తుంది."

మా అత్తయ్య కొడుకు పక్షం. "ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలమ్మాయ్. అది ముద్దు రాకపోతే వాడి తప్పా?" అనేది. పాలు తాగే పిల్ల ముద్దు రావడం కూడా నేర్చుకోవాలి కాబోలు. ఆయన తనంతట తానుగా దాన్ని ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేదాన్ని.

ఏడాదిన్నర టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ పిల్లల వెనక నిలబడి గిలక్కాయ ఆడించింది. పెద్దది తిరిగి చూసింది. చిన్నది మందుల చీటీ మూల నములుతూ కూర్చుంది. పరీక్షలకి పంపారు. వారం తర్వాత ఆవిడే చెప్పింది, పుట్టుకతోనే వినపడదని.

"ఇన్నాళ్ళూ మీకు అనుమానం రాలేదా?" అని అడిగింది.

గొడవ చెయ్యని పిల్లని నేనూ పట్టించుకోలేదు. పలకడం లేదని తెలియాలంటే ముందు పిలవాలి కదా.

ఆ రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. నాకు జాలేసింది. మర్నాడు పొద్దున్న చిన్నది రోజూలాగే గుమ్మం దగ్గర నిలబడి ఆయన కోసం చేతులు చాపింది. ఆయన దాన్ని దాటుకుని వచ్చి, నా ఒళ్ళోంచి పెద్దదాన్ని తీసుకున్నాడు.

"ఇదైతే పిలిస్తే పలుకుతుంది. దాన్ని నువ్వు చూసుకో, నా వల్ల కాదు" అన్నాడు.

పెద్దది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తండ్రి మెడ చుట్టూ చెయ్యేసి భుజం మీద తల వాల్చింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే.

"చిన్నదాన్నీ తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన ఆగలేదు.

చిన్నది చేతులు దించలేదు, నవ్వు మొహంతో వీధిలోకే చూస్తోంది. వెళ్ళి దాని ముందు కూర్చున్నాను.

"ఏడవ్వే పిచ్చిమొహమా, ఒక్కసారి గట్టిగా ఏడువు" అన్నాను.

అది నా నోటివంక చూసి నవ్వింది.