మందారం మీద ముగ్గుపిండి

మా ఆయన శ్యామ్‌గారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి అన్నీ తెలుసు. తెలియనివి ఇంకా బాగా తెలుసు.

ప్రగతి నగర్‌లో తొమ్మిదో అంతస్తు మాది. బాల్కనీలో తులసి కుండీ, పక్కనే మా అత్తగారు నాగేశ్వరిగారి ఎర్ర మందారం. తులసి ముందు బియ్యప్పిండితో ముగ్గేసి, ఓ మందారం దేవుడికి పెడితేగానీ ఆవిడ కాఫీ ముట్టరు.

ఓ పొద్దున మందారం చిగుళ్ల మీద తెల్లగా ఏదో కనిపించింది. చెవిలో ఆఫీసు కాల్ ఉండగానే మా ఆయన తీర్పు చెప్పేశారు.

"గాలికి నీ ముగ్గుపిండి ఎగిరి పడుతోందమ్మా. చీమలు కూడా దానికోసమే ఎక్కుతున్నాయి. ఇవాళ్టి నుంచి ముగ్గు బంద్."

"పిండినల్లి పురుగేమోనండీ" అన్నాను. నేను చదివింది బాటనీ. పెళ్లిచూపుల తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు. ఆయన వినలేదు. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి వస్తూ ముగ్గు స్టిక్కరు తెచ్చి అతికించారు.

అత్తగారు ఆయన కాఫీలో పంచదార వెయ్యడం మానేశారు. చీమలొస్తాయిట.

ముగ్గు ఆగింది గానీ తెలుపు ఆగలేదు. చిగుళ్లు ముడుచుకుపోయాయి, ఆకులు జిగటెక్కాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి. "ఆదివారం ఈ కుండీ తీసి పారేస్తా" అన్నారు ఆయన. అత్తగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

శనివారం ఎదురింటి ప్రియదర్శినిని టీకి పిలిచాను. వాళ్ల బాల్కనీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

"మా మందారానికి గూడ గిట్లనే తెల్లగ పట్టింది అక్కా. ఒకటే పరేషాన్!"

"ముగ్గు పిండితో వేస్తారా?" అమాయకంగా అడిగాను.

"ఏడ అక్కా! మాది మొదటిసంది స్టిక్కరే గద."

మా ఆయన టీ కప్పు కింద పెట్టి బాల్కనీలోకి నడిచారు. చిగురు మీది తెల్లటి పొడిని గోటితో గీకారు.

"ఇది నడుస్తోందే!"

"పిండి నడవదు కదండీ."

"మరి చీమలు?"

"ఇవి ఆవులు, అవి కాపర్లు. ఇవి మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు వదుల్తాయి. అది నాకడానికి చీమలు వీటికి కాపలా కాస్తాయి."

ముడుచుకున్న చిగుళ్లు కత్తిరించి సంచిలో కట్టి పారేశాం. మిగతావి సబ్బునీళ్ల దూదితో ఆయన చేతే తుడిపించాను. పొద్దువాలాక వేపనూనె సబ్బునీళ్లలో కలిపి ఆకుల అడుగున కొట్టాం. కుండీని ఇటుక మీద ఎత్తి, ఇటుకని నీళ్ల పళ్లెంలో పెట్టి, చీమల దారి కట్టేశాం. దూదిలాంటి గూళ్లలో గుడ్లు మిగిలిపోతాయని వారం వారం ఇదే పని.

కొత్త మొగ్గ విచ్చిన పొద్దున అత్తగారు పిండి పళ్లెంతో వచ్చి స్టిక్కరు ముందు నిలబడ్డారు.

"అమ్మాయ్, అతికించినవాణ్ణే పీకమను."

ఆయన అట్లకాడ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని గీకారు.

"ముగ్గు వల్ల ఏం కాలేదులేమ్మా" అని గొణిగారు.

"మరి తప్పెవరిదిట?" అత్తగారు నన్నే అడిగారు. పిండి ఇంకా పళ్లెంలోనే ఉంది.

ఆయన అట్లకాడ కింద పెట్టారు.

"నాదేనమ్మా. తప్పు నాదే."